కోల మీద కోల: ఒక్క జట్టుతో కదలికల చదువు

కోలాటంలో రెండు కోలలు కలిసే చోటును ఎవరూ గీత గీసి చూపించరు. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరి మధ్య, రొమ్ము ఎత్తుకు కాస్త అటూ ఇటూగా, గాలిలో ఎక్కడో ఆ చోటు ఉంటుంది. కొత్తగా చేరిన మనిషి మొదట్లో దాన్ని దాటిపోయి ఎదుటివాళ్ల వేళ్ల మీద కొడతాడు, లేదా కోల అందక ఉత్త గాలిని కొడతాడు. కొన్ని వారాలు గడిచాక కోల వైపు చూడకుండానే సరిగ్గా అక్కడే తగిలిస్తాడు. ఈ రెంటి నడుమ ఏం జరిగింది? ఎవరు ఏం చెబితే, దేన్ని చూస్తే, ఎలా తప్పితే ఆ చోటు దొరికింది? కదలికల విద్యను పరిశోధించేవాళ్లకు అసలు ప్రశ్న ఇదే. వంద ఊళ్లకు ప్రశ్నపత్రాలు పంపితే దీనికి జవాబు రాదు. ఒక జట్టును పట్టుకుని, మొదటి రోజు నుంచి పండుగనాడు పదిమంది ముందు ఆడేదాకా వెంట ఉండి చూడాలి. విద్యా పరిశోధనలో కేస్ స్టడీ అనే పద్ధతి చేసేది ఈ పనే.

కోలాటానికి సరంజామా పెద్దగా అక్కర్లేదు. మనిషికి రెండు గట్టికర్ర కోలలు, నడుమ నిలబడే పంతులు చేతిలో తాళాలు, వీలైతే ఒక డోలక్. పంతులు చరణం ఎత్తుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు అందుకుంటారు. ఆడేవాళ్లు సరిసంఖ్యలో ఉండాలి, ఎందుకంటే ప్రతి మనిషికీ ఒక ఉద్ది, అంటే జత, కావాలి. ఒక దెబ్బ తన కోలల మీద తనదే, మరో దెబ్బ ఉద్ది కోల మీద, ఆపైన సగం మలుపు తిరిగి వెనకవాళ్ల కోల మీద ఇంకొకటి. ఇలా కొన్ని దెబ్బలు, కొన్ని అడుగులు, ఒక మలుపు కలిస్తే ఒక కోపు అవుతుంది. లోపలి వరుస బయటికి, బయటి వరుస లోపలికి అల్లుకుంటూ సాగే కోపులున్నాయి. వంగి కొట్టేవి, కూర్చుని లేచేవి, ఉద్ది మారిపోయేవి ఉన్నాయి. నెమ్మదిగా మొదలైన దరువు చివరికి ఊపిరాడనంత వేగం అందుకుంటుంది. పంతులు కోపు మార్చేటప్పుడు ముందుగా వివరించడు. ఒక కేకో, తాళం మీద ఒక ఎదురుదెబ్బో, పాటలో ఒక పల్లవి మలుపో సంకేతమవుతుంది. ఆ సంకేతాన్ని చెవి పట్టుకోవాలి, కాలు వెంటనే తిరగాలి.

దీనికి పై మెట్టు జడకోలాటం. పైన దూలానికో గుంజకో కట్టిన తాళ్లు కిందికి వేలాడతాయి. ఆటగాళ్లు ఒక చేత తాడు, ఇంకో చేత కోల పట్టుకుంటారు. సగం మంది కుడిచుట్టు, సగం మంది ఎడమచుట్టు తిరుగుతూ, ఎదురైన ఒకరిని లోపలి నుంచి, తర్వాతివారిని బయటి నుంచి దాటుకుంటూ పోతారు. పైన జడ అల్లుకుంటుంది. ఆ తర్వాత అదే నడకను వెనక్కి నడిస్తే జడ విప్పుకుంటుంది. పరిశోధకుడి కళ్లతో చూస్తే జడకోలాటంలో అరుదైన సౌకర్యం ఒకటుంది. కదలిక పుట్టిన క్షణంలోనే మాయమైపోతుంది కాబట్టి దాన్ని పరీక్షించడం కష్టం. ఇక్కడ మాత్రం ప్రతి అడుగూ తాడు మీద అచ్చు పడి మిగులుతుంది. ఎవరో ఒకరు లోపలి నుంచి పోవలసిన చోట బయటి నుంచి పోతే ఆ తప్పు జడలో ఒక నిర్దిష్టమైన ఎత్తులో ముడిగా కనిపిస్తుంది. ఆ ఎత్తును బట్టి తప్పు ఎన్నో చుట్టులో జరిగిందో, తాడును బట్టి ఎవరి అడుగు తప్పిందో తేల్చవచ్చు. ఏ ప్రయోగశాలా కట్టించకుండానే ఊరు తయారుచేసుకున్న నమోదు యంత్రమిది.

తెలుగులో జానపద పరిశోధనకు ఘనమైన చరిత్రే ఉంది. బిరుదురాజు రామరాజు 1950లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేసిన జానపద గేయ సాహిత్య పరిశోధన దానికి పునాది వేసింది. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ గ్రంథం వందలాది ఆటలను, వేషాలను ఒకచోట చేర్చింది. అయితే ఈ సంప్రదాయం మొత్తం మీద మొగ్గు పాట మాట వైపే. గేయాన్ని రాసుకున్నారు, ఛందస్సు చూశారు, పాఠాంతరాలు పోల్చారు. పాడుతున్న మనిషి ఏ కాలి మీద బరువు వేసిందో, ఏ మాట దగ్గర తిరిగిందో రాసుకున్నవాళ్లు తక్కువ. ఇది నింద కాదు. కాగితం మీద మాట నిలిచినంత సులువుగా అడుగు నిలవదు, అప్పట్లో ప్రతి చేతిలో కెమెరా కూడా లేదు. కాని ఫలితం మాత్రం ఒకటే. వేల పాటలు గ్రంథాలయాల్లో ఉన్నాయి, వాటి కోపులు ఆడినవాళ్లతోపాటే పోతున్నాయి.

అలా పోయిన కదలికను తిరిగి కట్టాలంటే ఎంత శ్రమో పేరిణి నాట్యం చెబుతుంది. కాకతి గణపతిదేవుని గజసాహిణి (ఏనుగుల సేన అధిపతి) జాయప 1253-54 ప్రాంతంలో రాసిన ‘నృత్త రత్నావళి’లో ఎనిమిది అధ్యాయాలున్నాయి. మొదటి సగం మార్గ పద్ధతికి, రెండో సగం దేశి నాట్యాలకు కేటాయించాడు. పేరణి (ఇప్పటి పేరిణి), రాసకం, చర్చరి వంటి దేశి నృత్తాల నడుమ కోలలతో ఆడే దండరాసకం కూడా ఉంది. లక్షణ గ్రంథాలు పేరణికి ఘర్ఘర, విషమ, భావాశ్రయ, కవిచార, గీత అని ఐదు అంగాలు చెప్పాయి. ఇంత రాసి ఉన్నా ఒక నర్తకుడు లేచి నిలబడి ఆడడానికి అవి సరిపోలేదు. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ 20వ శతాబ్దంలో ఆ గ్రంథాన్ని, 1213లో వెలసిన రామప్ప గుడి శిల్పాలను, ఊళ్లలో మిగిలి ఉన్న శైవ ఆచారాల చిందును పక్కపక్కన పెట్టుకుని ఏళ్ల తరబడి పనిచేశారు. 1985 శివరాత్రికి రామప్ప ఆలయం దగ్గరే పేరిణి శివతాండవాన్ని పెద్ద ఎత్తున ఆడించారు. ఆయన చేసిన పనిని పరిశోధన భాషలో చెప్పాలంటే అదొక కేస్ స్టడీ: ఒకే నాట్యం, మూడు రకాల ఆధారాలు. శిల్పం భంగిమను ఇస్తుంది గాని భంగిమకూ భంగిమకూ మధ్య దారిని ఇవ్వదు. గ్రంథం పేరు చెబుతుంది గాని ఒంటి బరువు చెప్పదు. ఆ ఖాళీని రామకృష్ణ తన నర్తక శరీరంతో పూరించారు. కాబట్టి ఇవాళ నేర్పుతున్న పేరిణిలో 13వ శతాబ్దం వాటా ఎంత, 20వ శతాబ్దం వాటా ఎంత అన్న చర్చ సహజం. గ్రంథంలోని దండరాసకం ఎలా ఆడేవారన్నదీ అంతే సంగతి. హైదరాబాద్ దగ్గరి చేవెళ్ల దారిలో ఈ ఏడు ఆడుతున్న కోలాటం గురించి అటువంటి చర్చ ఎనిమిది వందల ఏళ్ల తర్వాత అవసరం రాకూడదంటే ఇప్పుడే రాయాలి, అదీ అడుగుతో సహా.

శరీరం నేర్చుకునేది అందరిలో ఒకేలా ఉంటుందన్న భ్రమను ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మౌస్ 1934లో ఒక ఉపన్యాసంలో చెదరగొట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు సైనికులు ఫ్రెంచి పారలతో తవ్వలేకపోయారు. రెండు సేనలూ ఒకదాని స్థానంలో ఇంకొకటి వచ్చినప్పుడల్లా డివిజన్‌కు ఎనిమిది వేల పారలు మార్చవలసి వచ్చిందని ఆయన గుర్తు చేసుకున్నాడు. తవ్వడం, నడవడం, ఈదడం ఒక్కో సమాజం తన పిల్లలకు నేర్పుకునే విద్యలన్నది ఆయన వాదం. అంతకు ముందే, 1920లలో మాస్కోలో శరీరశాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టీన్ కమ్మరుల సుత్తిదెబ్బను వరుస ఛాయాచిత్రాల్లో పట్టాడు. ఆరితేరిన కమ్మరి కొట్టిన ప్రతిసారీ సుత్తి తల ఉలి మీద దాదాపు ఒకే చోట పడింది. భుజం, మోచేయి, మణికట్టు మాత్రం ప్రతిసారీ కొద్దికొద్దిగా వేరే దారిలో పోయాయి. నైపుణ్యమంటే ఒకే కదలికను అచ్చు గుద్దినట్టు తిరిగి చేయడం కాదనీ, ఒకే లెక్కను ప్రతిసారీ కొత్తగా తేల్చడమనీ అర్థమైంది. కోలాటంలో కోల తగిలే చోటుకు ఇది నేరుగా వర్తిస్తుంది. ఉద్ది మారినప్పుడల్లా ఎదుటి మనిషి ఎత్తు మారుతుంది, చేయి పొడవు మారుతుంది, అయినా దెబ్బ తప్పదు. పాఠశాల డ్రిల్లులో కనిపించని చదువు ఈ సర్దుబాటులో ఉంది.

కేస్ అనే మాటను ఏదో ఒక విడి కథ చెప్పడానికి సాకుగా వాడుకునే అలవాటు ఉంది. పద్ధతిగా రాసినవాళ్లు అలా అనలేదు. 1984లో వచ్చిన రాబర్ట్ యిన్ పుస్తకం ప్రకారం కేస్ స్టడీ అంటే జరుగుతున్న విషయాన్ని దాని సొంత వాతావరణంలోనే లోతుగా పరిశీలించడం. విషయానికీ వాతావరణానికీ మధ్య గీత స్పష్టంగా లేనప్పుడు ఈ పద్ధతి ప్రత్యేకంగా పనికొస్తుంది. రాబర్ట్ స్టేక్ 1995లో మూడు రకాలు చెప్పాడు. ఆ ఒక్క కేస్ మీదే ఆసక్తితో చేసేది మొదటిది. దాని ద్వారా మరో ప్రశ్నను వెలిగించుకోవడానికి చేసేది రెండోది. అనేక కేసులను కలిపి చూసేది మూడోది. ఊరి పేరు పుస్తకంలోకి ఎక్కాలన్న కోరికతో చేసే కోలాటం అధ్యయనం మొదటి రకం. నడివయసులో ఒళ్లు కొత్త విద్య ఎలా పట్టుకుంటుందన్న ప్రశ్నతో అదే జట్టు దగ్గరికి వెళ్తే రెండో రకం. ఏది చేస్తున్నారో మొదటే తేల్చుకోకపోతే సగం దారిలో రెండూ కలగాపులగమవుతాయి. విశ్వవిద్యాలయాల్లో అటకెక్కిన చాలా సిద్ధాంతవ్యాసాల జబ్బు ఇదే.

తర్వాతి పని కేస్‌కు గట్టు కట్టడం. ఎవరు లోపల, ఎవరు బయట, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్నది ముందే రాసుకోవాలి. ఉదాహరణకు చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఈ గట్టు కట్టడం చిన్న పని కాదు. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వైపు పోయే రోడ్డు, దాని పొడవునా పాత మర్రిచెట్లు, నగరానికి కూరగాయలూ పూలూ పంపే పొలాలు, ఒక పక్క గండిపేట చెరువు, అంటే ఉస్మాన్ సాగర్. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ రెండు జలాశయాల నీటిని కాపాడడానికి 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో భారీ కట్టడాలను, పరిశ్రమలను అడ్డుకుంది. మొయినాబాద్ ప్రాంతం చాలావరకు ఆ పరిధిలోకే వచ్చింది. కోలాటానికీ జీవోకూ సంబంధమేమిటని అనిపించవచ్చు. సంబంధం ఉంది. నగరం ముంగిట ఉండి కూడా ఈ ఊళ్లు చాలాకాలం ఊళ్లలా మిగలడానికి అదొక కారణం. ఇంకోవైపు పొలాలు ఫామ్‌హౌస్‌లుగా మారాయి, వాటిలో పనికి ఇతర ప్రాంతాల కుటుంబాలు వచ్చి చేరాయి. సాయంత్రం గుడి ముందు కోల పట్టేది ఎవరు, ఎన్ని గంటలకు రాగలరు, పంతులు ఎక్కడి నుంచి వస్తాడు, అద్దెకుంటున్న కుటుంబంలోని పిల్లకు గుండ్రంలో చోటుందా అన్న ప్రశ్నలన్నీ ఈ నేల లెక్కలతో ముడిపడినవే. కులం ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. జట్టులో ఎవరున్నారన్న దానితోపాటు ఎవరు ఎన్నడూ లేరన్నదీ రాసుకోని అధ్యయనం సగమే.

కాలం విషయంలో పండుగలే తేలికైన గట్లు. శ్రీరామనవమికి ఆడదలచిన జట్టు సాధన ఎప్పుడు మొదలుపెట్టిందో అక్కడి నుంచి నవమి దాకా ఒక కేస్. ఆ తర్వాత జట్టు చెదిరిపోయి బోనాలకో వినాయకచవితికో మళ్లీ కూడినప్పుడు కాళ్లకు ఎంత గుర్తుందో చూస్తే కేస్ రెండో అంకం మొదలవుతుంది. బతుకమ్మ తొమ్మిది రోజులు పోల్చి చూడడానికి పనికొస్తాయి. అక్కడా గుండ్రమే, అక్కడా పాటే, కాని చేతిలో కోల ఉండదు, చప్పట్లుంటాయి, నడుమ పంతులు ఉండడు. తల్లి కొంగు పట్టుకుని తిరుగుతూ నేర్చుకున్న అడుగుకూ, పంతులు తిట్లు తింటూ నేర్చుకున్న అడుగుకూ తేడా ఎలా ఉంటుందో ఒకే ఊరిలో, ఒకే మనుషుల్లో చూడవచ్చు.

మొయినాబాద్ మండలంలోనే ఉన్న చిలుకూరు బాలాజీ ఆలయం మరో విలువైన పోలిక. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, అది తీరాక 108. వీసా కోరే భక్తుల వల్ల వీసా బాలాజీ అన్న పేరు పొందిన, హుండీ లేని ఈ గుడి ఆచారం ఇది. అక్కడ ఎవరూ ఎవరికీ నడక నేర్పరు. మొదటిసారి వచ్చినవాళ్లు జనంలో పడి రెండు చుట్లలోనే ఎంత వేగంతో నడవాలో, ఏ మూల దగ్గర ఎలా మలుపు తీసుకోవాలో పట్టేస్తారు. అంకెలు అచ్చువేసిన చీటీ మీద ఒక్కో చుట్టుకు ఒక్కో గుర్తు పెట్టుకుంటారు. లెక్క మనసులోంచి చేతిలోకి మారగానే నడక తీరు మారుతుంది. గురువు లేని కదలికల విద్య ఎలా సాగుతుందో చూడాలనుకునేవాళ్లకు ఇంతకంటే స్పష్టమైన చోటు చుట్టుపక్కల లేదు. దాన్ని కోలాటం పక్కన పెడితే పంతులు చేసే పని ఏదో, గుంపు తనంతట తాను చేసేది ఏదో విడివిడిగా కనిపిస్తాయి.   

సమాచారం సేకరించడంలో మొదటి సూత్రం, ఒకే సంగతిని కనీసం మూడు వైపుల నుంచి పట్టుకోవడం. వీడియో ఒక వైపు. కెమెరా నేల మీద ఉంటే ముందువరుస వీపులే కనిపిస్తాయి. పక్క మిద్దె మీది నుంచి తీస్తే గుండ్రం, వరుసల అల్లిక, ఎవరు గీత దాటారన్నది తేటగా తెలుస్తాయి. శబ్దం రెండో వైపు. మామూలు ఫోను వీడియో సెకనుకు 30 చిత్రాలు తీస్తుంది. అంటే ఒక చిత్రానికీ మరో చిత్రానికీ నడుమ సెకనులో 30వ వంతు ఎడం. ఆ ఎడంలోనే కోల దెబ్బ జరిగిపోతుంది. అదే ఫోను శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలవగలదు. పదహారు మంది కలిసి కొట్టిన దెబ్బ ఒకే చప్పుడుగా మోగిందా, రాలినట్టు చెదిరిందా అన్నది శబ్దపు గీతలో నేరుగా కనిపిస్తుంది. వారం వారం ఆ చెదురు ఎంత తగ్గుతూ వచ్చిందో చూపే గీత, జట్టు ఒక్కటవుతున్న కథను ఏ విశేషణం లేకుండా చెబుతుంది. మూడో వైపు మాట. పంతులు సాధనలో అన్న ప్రతి మాటా రాసుకోవాలి. అతను అంకెలు లెక్కపెడుతున్నాడా, పాట మాటతో అడుగును కడుతున్నాడా, చేయి పట్టుకుని తిప్పుతున్నాడా, తప్పినవాళ్లను ఆపుతున్నాడా, ఆగకుండా సాగిస్తున్నాడా అన్నవి అతని బోధనాశాస్త్రం. దాన్ని అతను ఎన్నడూ ఆ పేరుతో పిలిచి ఉండకపోవచ్చు.

నాలుగో దారి కూడా ఒకటుంది, చాలామంది వదిలేసేది. తీసిన వీడియోను ఆడినవాళ్లకే చూపించి, ఇక్కడ ఏమైందని అడగడం. బయటి కంటికి తప్పుగా కనిపించినది వాళ్ల లెక్కలో తప్పు కాకపోవచ్చు. పక్కనున్నామెకు మోకాలు నొప్పి కాబట్టి మలుపు కావాలనే ఆలస్యం చేశామని చెప్పవచ్చు. అలాంటి ఒక్క మాట వంద కొలతలకు అర్థం మార్చేస్తుంది. జట్టులోని అనుభవజ్ఞులు కొత్తవాళ్ల తప్పును ఎలా మింగేస్తారన్నది, బహుశా కోలాటంలో అన్నిటికన్నా పెద్ద విద్య, ఇలా అడిగితేనే బయటపడుతుంది.

కదలికను రాసుకోవడానికి భాష కావాలి. నాట్యవేత్త రుడాల్ఫ్ లాబన్ 1928లో ప్రకటించిన లిపి శరీరభాగాన్ని, దిశను, ఎత్తును, కాలాన్ని ఒకే నిలువు పట్టీ మీద చూపిస్తుంది. 1948లో విద్యలో నాట్యం గురించి ఆయన రాసిన పుస్తకం బ్రిటన్ పాఠశాలల్లో వ్యాయామ తరగతుల తీరునే మార్చింది. బరువు, కాలం, స్థలం, ప్రవాహం అన్న ఆయన నాలుగు కొలతలు కోలాటానికి బాగానే సరిపోతాయి. ఉద్ది కోల మీద దెబ్బ తేలికగా, చటుక్కున, గురిగా పడుతుంది. తన కోలల మీది దెబ్బ కాస్త బరువుగా పడుతుంది. అయినా ఈ చట్రాన్ని తెచ్చి జట్టు మీద బోర్లించడం కంటే పంతులు వాడే మాటలతో మొదలుపెట్టడం మేలు. కోపుకు అతను పెట్టిన పేరు, దరువుకు అతను నోటితో పలికే సొల్లుకట్టు ముందు రావాలి. లాబన్ గుర్తులు ఆ తర్వాత, ఇతర ప్రాంతాల పరిశోధకులకు అర్థం కావడానికి పనికొస్తాయి.

మన నాట్యాల మీద ఇటువంటి లోతైన ఏకాంశ అధ్యయనాలు లేకపోలేదు. హర్షిత మృతింటి కామత్ 2019లో ప్రచురించిన ‘ఇంపర్సనేషన్స్’ కూచిపూడి అగ్రహారంలో పురుషులు స్త్రీవేషం కట్టే ఆచారాన్ని కేంద్రంగా తీసుకుంది. ఒక ఊరు, కొన్ని కుటుంబాలు, ఒక వేషం: ఆ ఇరుకు గట్టులోంచి కులం, పురుషత్వం, నాట్యం పరస్పరం ఎలా నిలబెట్టుకుంటాయో చూపింది. దవేశ్ సోనేజీ 2012 నాటి ‘అన్‌ఫినిష్డ్ జెస్చర్స్’ గోదావరి ప్రాంతపు కళావంతుల స్త్రీల జ్ఞాపకాల్లో మిగిలిన అభినయాన్ని విన్నది. అక్కడ వృద్ధురాలి చేయి చేసే ముద్రే దస్తావేజు. రెండూ శాస్త్రీయ వేదికకు సంబంధించిన నాట్యాల చుట్టూ తిరిగినవి. గుడిముందు గద్దె మీద, ఊరి రచ్చబండ దగ్గర సాగే కోలాటానికి అంత ఓపిక ఇంకా దక్కవలసే ఉంది.

ఒక జట్టును చూసి లోకానికంతా సూత్రం చెప్పవచ్చా అన్నది పాత అభ్యంతరం. సామాజిక పరిశోధకుడు బెంట్ ఫ్లూబియా 2006లో దీనికి సూటిగా జవాబిచ్చాడు. అన్ని హంసలూ తెల్లనివన్న నమ్మకాన్ని కొట్టేయడానికి ఒక్క నల్ల హంస చాలు, కాబట్టి ఎంచుకోవడంలోనే అసలు తెలివి ఉంది. ‘చిన్నప్పుడు నేర్వనిది పెద్దయ్యాక ఒంటబట్టదు’ అన్న మాటను పరీక్షించాలంటే చురుకైన కాలేజీ అమ్మాయిల జట్టు దేనికీ పనికిరాదు. పొలం పనితో అలసి సాయంత్రం వచ్చే, ఎన్నడూ కోల పట్టని నడివయసు స్త్రీల జట్టు కావాలి. వాళ్లు ఒక పండుగ నాటికి ఉద్ది మారే కోపు పట్టుకోగలిగితే ఆ నమ్మకం బీటలు వారినట్టే. వాళ్లు పట్టుకోలేకపోతే మాత్రం నమ్మకం రుజువైనట్టు కాదు. పంతులు తీరు, సాధన వేళ, నేల ఎగుడుదిగుడు, ఇలా ఇంకా చాలా కారణాలు మిగిలే ఉంటాయి.

కారణం తేల్చాలనుకునేవాళ్లకు ఏకవ్యక్తి ప్రయోగం అనే కట్టుదిట్టమైన దారి ఉంది. పునరావాస వైద్యంలో, ప్రత్యేక విద్యలో దీన్ని వాడతారు. ముగ్గురు కొత్తవాళ్లను తీసుకుని, ఏమీ నేర్పకముందు ప్రతి ఒక్కరి దెబ్బ ఎంత చెదురుగా ఉందో పలుమార్లు కొలుస్తారు. తర్వాత ఒకే కొత్త బోధన, ఉదాహరణకు నోటితో దరువు పలికించి ఆ తర్వాతే కోల ఇవ్వడం, మొదటివారికి ఒక వారం, రెండోవారికి మరో వారం, మూడోవారికి ఇంకా ఆలస్యంగా మొదలుపెడతారు. బోధన మొదలైన చోటే ముగ్గురి గీతలూ మలుపు తిరిగితే ఆ మార్పు కాకతాళీయం కాదనుకోవచ్చు. ముగ్గురూ ఒకేసారి మెరుగైతే పండుగ దగ్గరపడిన ఉత్సాహమో, ఫోనులో చూసిన కోలాటం వీడియోనో కారణం కావచ్చు. ఆ వీడియోలు ఇప్పుడు తీసిపారేయదగినవి కావు. ఎక్కడో కోస్తా జిల్లాలో ఆడిన కోపు ఒక రాత్రిలో చేవెళ్ల దారిలోని ఊరికి వచ్చేస్తుంది. పంతులు పెత్తనం కొంత ఫోనుకు పోతుంది. స్థానిక కోపు ఏది, దిగుమతి అయినది ఏది అన్న ప్రశ్న కేస్ లోపలికి తప్పకుండా వస్తుంది. అచ్చమైన పాత కోపు కోసం వెతికే పరిశోధకుడు ఇక్కడ నిరాశపడతాడు, మార్పునే చూడదలచినవాడికి చేతినిండా పని.

కేస్ స్టడీ చెప్పలేనివీ ఉన్నాయి. మండలంలో ఎంతమంది కోలాటం ఆడుతున్నారో అది చెప్పదు, దానికి సర్వే కావాలి. కోలాటం మోకాళ్లకు మంచిదా, మధుమేహాన్ని తగ్గిస్తుందా వంటి వాదాలకు ఒక జట్టు అనుభవం ఆధారం కాదు. జానపద కళ మీద ప్రేమతో ఇటువంటి ఆరోగ్య ప్రయోజనాలను చివరి పేజీల్లో చేర్చే అలవాటు ఆ కళకు మేలు చేయదు. జట్టు దగ్గర నిజంగా కనిపించే విలువలు వేరు: పక్కమనిషి లయను తన లయ చేసుకోవడం, గుండ్రంలో తన చోటును వెనక్కి చూడకుండా తెలుసుకోవడం, ఎదుటివాళ్ల తప్పును దెబ్బ ఆగకుండా సర్దడం. వీటిని రోజు, తేదీ, వీడియో నిమిషంతో సహా చూపగలిగితే ఇంకేమీ చేర్చనక్కర్లేదు.

అనుమతి సంగతి మొదటి రోజే కాక దఫదఫాలుగా అడగవలసింది. గుడి ముందు ఆడడానికి ఒప్పుకున్న స్త్రీ, అదే ఆట యూట్యూబులోకి ఎక్కడానికి ఒప్పుకున్నట్టు కాదు. సాధనలో పడిన తప్పుల వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే ఆమె మరుసటి రోజు రాకపోవచ్చు, దాంతో ఆమె ఉద్దికి ఆట ఉండదు, కేసే మారిపోతుంది. రాసినప్పుడు ఊరినీ మనుషులనూ మారుపేర్లతో పిలవడం ఆచారం. పంతులు విషయంలో మాత్రం ఆలోచించాలి. కోపులు కట్టినవాడిగా తన పేరు నిలవాలని అతను కోరితే దాన్ని దాచడం గౌరవం అనిపించుకోదు. పని ముగిశాక పాట మాటలు, కోపుల పటాలు, పైనుంచి తీసిన వీడియో, తేదీలతో సహా ఒక ప్రతి జట్టు దగ్గర, ఒకటి ఊరి పాఠశాలలో, ఒకటి విశ్వవిద్యాలయ భాండాగారంలో ఉండాలి. జట్టుకిచ్చే ప్రతి కేవలం పెన్‌డ్రైవ్‌లో ఉంటే చాలదు. ఫోనులో తెరిచి చూడగలిగేలా, కోపుకొక ముక్కగా విడదీసి ఇవ్వాలి, ఎందుకంటే మరుసటి ఏడాది కొత్తగా చేరేవాళ్లు దాన్ని చూసే నేర్చుకుంటారు, పరిశోధకుడు తీసిన వీడియో కూడా అప్పుడు పాఠంలో భాగమవుతుంది. తర్వాతి అధ్యయనం చేసేవాళ్లు ఆ సంగతిని లెక్కలోకి తీసుకోక తప్పదు.